తెడ్డుమూతి కొంగల గ్రూపు ఫోటో

1996 డిసెంబరు 15, ఆదివారం. ఆ పొద్దున నేనూ వెంకటరమణప్పా రాత్రి మిగిలిన పితికిపప్పు కూరలో చల్లారిన రాగి సంగటి ముంచుకుని తిన్నాం. తేదీ ఇంత బాగా గుర్తుండడానికి కారణం ఆ కూరే. నానిన అనపగింజల్ని ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పితికి తోలు తీయడం ఇద్దరు కూర్చుని చేయాల్సిన పని. మా ఆవిడ నాగలక్ష్మి పోయాక రెండు చలికాలాలు నేను దాని జోలికి పోలేదు. ముందురోజు సాయంత్రం వెంకటరమణప్ప కెమెరా సంచీతో కాడుగోడిలోని మా ఇంటికి వచ్చి, ఊరికే కూర్చోవడం చేతకాక, గింజల గిన్నె తన ముందుకు లాక్కున్నాడు. చీకటి గదిలో ఫిలిం చుట్టలు తిప్పి తిప్పి ఆరితేరిన వేళ్ళు ఆయనవి. గింజలు తోలు వదిలి టపటపా గిన్నెలో పడుతుంటే, ఈ మనిషి ఏ పిట్టనైనా ఫోటోలో పట్టేస్తాడని నాకు నమ్మకం కలిగింది.

ఆ నమ్మకం తెల్లారి చెరువు గట్టు మీదే పోయింది.

వెంకటరమణప్పకు సిటీ నడిబొడ్డున నగర్తపేటలో ఫోటో స్టూడియో ఉండేది. జరీ కొట్లకూ బొత్తాల కొట్లకూ మధ్య ఇరుకైన గది, వెనక వంటిల్లు, పైన పడక. మా పెళ్ళి ఫోటో తీసింది ఆయనే. అందులో నాగలక్ష్మి లోను అడగడానికి బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చున్నట్టు ఉంటుంది. ఆమె సంవత్సరీకానికి ఆ ఫోటోనే పెద్దది చేయించుకుందామని పోయినప్పుడు మళ్ళీ పరిచయం కలిసి, స్నేహమైంది. భార్య ఫోటో చేతికిస్తూ ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, స్టూలు జరిపి కాఫీ తెప్పించిన మనిషి ఆయనొక్కడే.

ఆయనకొక అలవాటు ఉండేది. కెమెరా బొత్తాం నొక్కేముందు గొంతెత్తి, "రెడీ, తల ఎత్తండి, ఇట్ల చూడండి" అనేవాడు. పెళ్ళికొడుకైనా, పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన మేస్త్రీ అయినా, ఉయ్యాల్లో పసిబిడ్డయినా అవే మాటలు. అందుకే ఆ స్టూడియోలో తీసిన ఫోటోలన్నిట్లో ముఖాలు ఒక్కలాగే ఉండేవి, వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడినట్టు.

ఈ అలవాటే కొంప మీదికి తెచ్చింది. ఆయన ఇల్లరికపు అల్లుడు. స్టూడియో ఉన్న గది మామగారిది. మామగారు పోయాక అది భార్య భాగీరథమ్మకూ, ఆమె తమ్ముడు మోహన్‌కుమార్‌కూ కలిపి వచ్చింది. మోహన్‌కుమార్ మారతహళ్ళిలో కొత్తగా కలర్ ల్యాబు పెట్టాడు. నగర్తపేట గదిలో జెరాక్సు మిషను, ఎస్టీడీ బూతు పెట్టాలని అతని ఆశ. బావనూ అక్కనూ తన మేడ మీది గదిలో ఉంచుకుంటానంటాడు. చెడ్డవాడు కాదు. బావకు విశ్రాంతి కావాలని నిజంగానే నమ్మాడు. బావ మాత్రం, స్టూలు మీద ఎవర్నీ కూర్చోబెట్టని రోజు తనకు అన్నం దిగదని నాతో చాలాసార్లు అన్నాడు.

ఆ కార్తీకంలో మోహన్‌కుమార్ కూతురు చైత్రకు చెవులు కుట్టించారు. ఫోటోలు తీసేది బావగారే. కంసాలి సూది చెవి దాకా తెచ్చేసరికి వెంకటరమణప్ప ఆపమన్నాడు. కంసాలి చెయ్యి గాల్లో నిలిచింది. మేనమామ ఒళ్ళో పాప, చుట్టూ చుట్టాలు, అందర్నీ సర్ది, పాప చేతులు కట్టించి, రెడీ చెప్పి తీశాడు. తర్వాత సూది దిగింది, పాప కేకలు పెట్టింది, మేనమామ కూడా ఏడ్చాడు, ముసలామె ఒకావిడ బెల్లం పళ్ళెంలో కూలబడింది. అదంతా జరిగే వేళకు వెంకటరమణప్ప కెమెరాకు మూత పెట్టేసి పూర్ణం ఓళిగ తింటున్నాడు.

ఫోటోలు కడిగాక మోహన్‌కుమార్ నలుగురి ముందూ అన్నాడు: "బావా, నీ మాట విని నిలబడేదాన్నే నువ్వు తీయగలవు. ఇప్పుడు కాలం అట్ల లేదు. నీ మాట వినని ప్రాణిని ఒక్కదాన్ని, ఒకే ఒకదాన్ని, ఉగాది లోపల తీసి చూపించు. ఆ గది మాట మళ్ళీ ఎత్తితే నా పేరు మార్చుకుంటా. తీయలేకపోతివా, సామాను సర్దుకో."

వెంకటరమణప్ప సరే అన్నాడు. అన్నాక భయపడి నా దగ్గరికి వచ్చాడు.

మొదట పిల్లులన్నాడు. నగర్తపేట పిల్లులు జరీ మూటల మీద దిండ్లలాగా పడుకుని ఉంటాయి, అవి లెక్కలోకి రావని నేనే అన్నాను. కాకులు నల్లగా మచ్చలా పడతాయన్నాడు ఆయన. అప్పుడు నోరూరుకోక మా చెరువులోకి వచ్చే తెడ్డుమూతి కొంగల గురించి చెప్పాను. నేను కాలేజీలో జంతుశాస్త్రం చదివి, ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. ఆ చదువు వాడుకునే అవకాశం జీవితంలో మొదటిసారి వచ్చింది. తెల్లటి పక్షి, నల్లటి కాళ్ళు, ముక్కు చివర అన్నం వడ్డించే హస్తంలాగా బల్లపరుపుగా ఉంటుందనీ, మోకాటి లోతు నీళ్ళలో నడుస్తూ ఆ హస్తాన్ని అటూ ఇటూ తిప్పి చేపపిల్లల్ని వెతుక్కుంటుందనీ చెప్పాను. ఎవరి మాటా వినదని కూడా చెప్పాను.

వెంకటరమణప్పకు ఆ ముక్కు మాట నచ్చింది. "ముఖంలో గుర్తు ఉండాది. ఫోటోకు బాగుంటాది" అన్నాడు.

అలా వచ్చింది ఆ డిసెంబరు ఆదివారం. క్రికెట్ ఫోటోలు తీసే పరిచయస్తుడి దగ్గర పొడుగు లెన్సు అడిగి తెచ్చుకున్నాడు. పక్షుల ఫోటోగ్రఫీ మీద పుస్తకం ఒకటి లైబ్రరీలో నేను చదివి పెట్టుకున్నాను. మాట్లాడకూడదు, కదలకూడదు, రంగుబట్టలు వేయకూడదు, దగ్గు వస్తే మింగాలి. మంచులో కంపల చాటున ఇద్దరం గోనె పట్టాల మీద బోర్లా పడుకున్నాం. పొద్దు పొడిచేసరికి గుడ్డికొంగలు, ఉల్లంకి పిట్టలు గట్టు పొడుగునా చేరాయి. తర్వాత తెడ్డుమూతులు దిగాయి. ఒక జట్టుగా, పెళ్ళి వంటవాళ్ళు గంగాళాలు కలుపుతున్నట్టు తలలు తిప్పుకుంటూ మా వైపే వచ్చాయి. నాకు దగ్గు వచ్చింది, పుస్తకంలో చెప్పినట్టే మింగాను.

వెంకటరమణప్ప లెన్సు తిప్పాడు. ఊపిరి బిగబట్టాడు. ఆ తర్వాత గొంతెత్తి, నగర్తపేట వీధి చివరిదాకా వినబడేటట్టు, "రెడీ, తల ఎత్తండి" అన్నాడు.

చెరువు మొత్తం లేచిపోయింది. ఖాళీ నీళ్ళకు ఒక ఫోటో తీశాడు.

"నేను అనలేదప్పా, నోరే అనేసినాది" అని గోనెపట్టాలో ముఖం దాచుకున్నాడు.

మరుసటి ఆదివారానికి ఆలోచించి, నోటినిండా తాంబూలం కుక్కుకున్నాడు. దవడ రెండువైపులా ఉబ్బింది. కొంగలు వచ్చాయి. దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చాయి. ఒకటి ఒంటికాలి మీద నిలబడి కునికింది, ఇంకొకటి రెక్క చాచి ఆరబెట్టుకుంది. అంత బాగా ఎవరూ ఫోటోకు నిలబడరు. కెమెరా మాత్రం పలకలేదు. నేను మోచేత్తో పొడిచాను. ఆయన నా వైపు తిరిగాడు, కళ్ళలో నీళ్ళు. తాంబూలం పక్కన ఊసి మెల్లగా చెప్పాడు, నోరు తెరవకపోతే వేలు దిగడం లేదట. నలభై ఏళ్ళుగా నోరు ముందు, వేలు వెనక. అది లేకుండా ఇది కదలదు.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆ మాటలు ఆయన బదులు నేను చెవిలో గుసగుసలాడతాను, అవి వినగానే ఆయన నొక్కాలి. తర్వాతి వారం అదే చేశాం. సరైన సమయం చూసి ఆయన చెవిలో "రెడీ" అన్నాను. ఆయన కెమెరా దించి నన్ను జాలిగా చూశాడు.

"అట్ల కాదు నరసింహప్పా. సచ్చినట్ల చెప్తే ముఖంలో కళ యాడ వస్తాది? గొంతు ఎత్తల్ల. చూడు."

చూపించాడు. చెరువు ఖాళీ అయింది.

జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. శనివారం రాత్రులు పితికిపప్పు పోయి వంకాయ వచ్చింది. చెరువులో నీళ్ళు తగ్గి, వలస పిట్టలు ఒక్కొక్క గుంపే వెళ్ళిపోతున్నాయి. ఒక రోజు స్టూడియోకు పోయేసరికి మోహన్‌కుమార్ వడ్రంగిని వెంటబెట్టుకుని గోడ కొలతలు తీయిస్తున్నాడు. జెరాక్సు మిషను ఇక్కడ, ఎస్టీడీ బూతు అక్కడ అని సుద్దముక్కతో గీతలు గీశాడు. వెంకటరమణప్ప పూర్ణచంద్రుడూ పాలరాతి మెట్లూ వేసిన తెరను గోడమీదనుంచి దించి చాపలాగా చుడుతున్నాడు. చుట్టడం పూర్తయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టూలు మీద పెట్టుకున్నాడు.

అప్పుడు కలగజేసుకుంది భాగీరథమ్మ. ఆమెకు మా ఇద్దరి మీద అప్పటికే అనుమానం. శనివారం కెమెరాతో పోయిన మనిషి ఆదివారం ఉత్త చేతులతో వస్తాడు, గోనెపట్టా వాసన వేస్తాడు, ఏమైందంటే చెప్పడు.

"ఫోటో తీస్తామని పోయి ఒక్క ఫోటో గూడా తేరు. ఇద్దురూ ఆడ ఏం చేస్తాండారో నేను కండ్లారా చూడల్ల" అని ఈసారి తానూ బయల్దేరింది, నాలుగంతస్తుల టిఫిను క్యారియరుతో, చిలకపచ్చ చీరలో.

పుస్తకం ప్రకారం ఆ చీర పెద్ద తప్పు. చెప్పే ధైర్యం నాకు లేదు. కంపల చాటున పడుకోమంటే చీమలున్నాయంది. మాట్లాడకూడదంటే, మాట్లాడకుండా కూర్చోవడానికి ఇంట్లో చోటు లేదా అంది. టిఫిను క్యారియరు మాకు వదిలేసి, అవతల బట్టలుతికే బండల దగ్గరికి నడిచిపోయింది. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళు ఉతుకుతున్నారు. కొత్త మేడలు కట్టే పనికి మదనపల్లె వైపునుంచి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ళు. భాగీరథమ్మ పుట్టిల్లు శ్రీనివాసపురం. కాసేపటికే అందరూ ఒకే ఊరివాళ్ళలాగా కలిసిపోయారు. పుల్లమ్మ అనే ఆవిడ చేతిలో దుప్పటి ఒక కొస భాగీరథమ్మ పట్టుకుని పిండుతోంది. పిండుతూ తన మొగుడి కథ మొదలుపెట్టింది. గట్టు ఇవతలికి అక్షరం పొల్లుపోకుండా వినబడుతోంది.

మూడు నెలలుగా కొంగల వెంట తిరుగుతున్నాడనీ, ఎవరి మాటా వినని కొంగను తీస్తానని పందెం కాసి స్టూడియో పోగొట్టుకుంటున్నాడనీ, ఇక తన తమ్ముడి మేడ మీద కూర్చుని టీవీకి కూడా రెడీ చెప్తాడనీ ఆమె చెప్తుంటే, పుల్లమ్మ వాళ్ళు బండ మీద బట్ట కొట్టడం కూడా మరిచి నవ్వుతున్నారు. వెంకటరమణప్ప గోనెపట్టాలోకి ఇంకొంచెం దిగబడ్డాడు. ఈవేళ పిట్ట ఆశ వదులుకోమని చెబుదామని నేను తల ఎత్తాను.

తెడ్డుమూతి కొంగలు భాగీరథమ్మ వెనకే ఉన్నాయి. సబ్బునురగ అంచున, చీర కొంగుకు ఎంతో దూరం లేదు. బట్ట బండ మీద పడుతున్నా, అవతల బర్రెను ఎవరో అదిలిస్తున్నా, ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నా వాటి పని అవి చూసుకుంటున్నాయి. అప్పటికి అర్థమైంది నాకు. రోజూ విని విని వాటికి ఆ గోల అలవాటు. కంప చాటున కదలకుండా, ఊపిరి బిగబట్టి పొంచి ఉండే మగవాళ్ళు అంటే ఏమిటో మాత్రం వాటి తాతల నాటినుంచి తెలుసు. మధ్యలో అకస్మాత్తుగా కేక వేస్తే ఉంటాయా? పుస్తకం రాసిన ఆయన బహుశా బట్టలుతికే చోటికి పోయి ఉండడు.

వెంకటరమణప్పకు చెబితే, ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లేచి, పంచె దులుపుకుని, పెళ్ళిమంటపంలోకి పోయేవాడిలాగా తిన్నగా బండల దగ్గరికి నడిచాడు. బోర్లించిన బానమీద కూర్చుని కెమెరా ఎత్తాడు. ఆయన ముఖంలో మూడు నెలలుగా లేని నిబ్బరం వచ్చింది.

"రెడీ, తల ఎత్తండి, ఇట్ల చూడండి."

ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. ఒకావిడ నుదుటిమీది వెంట్రుకలు సర్దుకుంది. వాళ్ళ వెనక నీళ్ళలో మూడు తెడ్డుమూతి కొంగలు కూడా మెడలు నిలువుగా చాచి ఇటే చూశాయి. కెమెరా పలికింది. అవి మళ్ళీ తలలు దించుకుని వెతుక్కోసాగాయి. ఆయన మళ్ళీ రెడీ అన్నాడు. బర్రె కూడా తల ఎత్తింది. అలా ఫిలిం రోలు అయిపోవచ్చేదాకా అన్నాడు. మధ్యలో భాగీరథమ్మ, బట్టలుతుక్కునేవాళ్ళ మీద రెడీ ఏమిటి, బుద్ధి లేదా అని చెయ్యెత్తి మీదికి వచ్చింది. కొంగలకోసమని చెప్పినా పుల్లమ్మ వాళ్ళు నమ్మలేదు. తలా ఒక ఫోటో ఇస్తానని ఒప్పుకున్నాకగాని వదల్లేదు. ఆనక అందరం కలిసి క్యారియరులోని చిత్రాన్నం తిన్నాం. చాలాకాలం తర్వాత ఆ రోజు నేను రెండోసారి వడ్డించుకున్నాను.

రోలును మోహన్‌కుమార్ ల్యాబులోనే కడిగించాలని పందెం. ఆ వారం ముగ్గురం మారతహళ్ళి పోయాం. అతను ఫోటోలు బల్ల మీద పరిచి, అన్నిట్లో మంచిదాన్ని తీసి దీపం కింద పెట్టాడు. మూడు తెడ్డుమూతి కొంగలు వరసగా, సమానమైన ఎత్తులో తలలు నిలిపి, చిన్నది నడుమ, పెద్దవి రెండూ అటూ ఇటూ, నేరుగా కెమెరాలోకి చూస్తున్నాయి. మూడింటి ముఖాల్లోనూ పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడిన చూపు.

మోహన్‌కుమార్ దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇది గ్రూపు ఫోటో కదా బావా. నడిమి దానికి బాసికం కట్టేది మరిచిపోయినావా?"

సహజంగా నిలబడ్డవేనని నేను చెప్పబోయాను. జంతుశాస్త్రం కూడా ఎత్తాను. మోహన్‌కుమార్ నన్ను మర్యాదగా ఆపి, బావనే అడిగాడు, వీటికి నువ్వు రెడీ చెప్పావా లేదా అని.

వెంకటరమణప్ప అబద్ధం ఆడలేడు. చెప్పానన్నాడు.

"తల ఎత్తమన్న్యావా?"

"అన్న్యా."

"ఎత్తినాయా?"

"ఎత్తినాయి" అన్నాడు, గొంతులో కొంచెం గర్వం కూడా ఆపుకోలేక.

మోహన్‌కుమార్ ఫోటో బల్ల మీద పెట్టాడు. అతను గెలిచినట్టు లేడు, బేజారుగానే ఉన్నాడు. నీ మాట వినని ప్రాణి అన్నాను, ఇవి మా ఇంట్లోవాళ్ళకన్నా బాగా విన్నాయి, నేనేం చేసేది బావా అన్నాడు. వెంకటరమణప్ప తల ఊపాడు. న్యాయమేనన్నాడు. సుద్దగీతలు మంచి చోటనే గీశావు, బూతుకు గాలి వస్తుంది అని కూడా అన్నాడు. ఆ మాట నాకు చాలా కష్టంగా తోచింది.

ఏదో ఒకటి చేయాలని నేను మిగిలిన ఫోటోలు దొర్లించసాగాను. బర్రె. సబ్బునురగ. పుల్లమ్మ, తల ఎత్తి. అడుగున ఒకటి ఉంది. అందులో కొంగ సగమే పడింది, ఒక కాలు గాల్లో, రెక్క మసకగా. ఫోటో నిండా భాగీరథమ్మే. చెయ్యి పైకెత్తి, నోరు బాగా తెరిచి, కొంగు జారి, చిలకపచ్చ చీర మోకాళ్ళదాకా తడిసి, తిడుతోంది. తిడుతూనే నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆ నవ్వు ఆమె కళ్ళలో ఉంది.

"ఇది నేను తీయలేదప్పా" అన్నాడు వెంకటరమణప్ప, కంగారుగా. "రెడీ అనేదానికి ముందరే మీదికి వచ్చేసినాది. భయానికి వేలు దానంతట అదే దిగినాది."

మోహన్‌కుమార్ ఫోటో లాక్కున్నాడు. స్టూడియో యజమాని భార్య అయినా భాగీరథమ్మకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. తల ఎత్తమంటే ఆమె దించుతుంది, ఇటు చూడమంటే పాలు పొంగుతున్నాయేమోనని అటు చూస్తుంది. పెళ్ళి ఫోటోలో కూడా తల తిప్పేసినందువల్ల ఆమె ముఖం ఉండాల్సిన చోట తెల్లటి పొగ ఉంటుంది. వెంకటరమణప్ప ఎప్పుడో ప్రయత్నం మానుకున్నాడు.

"బావా, నిజం చెప్పల్ల. పెండ్లి అయినప్పటినుంచి మా అక్క నీ మాట ఎప్పుడన్నా వినిందా?"

వెంకటరమణప్ప న్యాయంగా ఆలోచించాడు. భార్య వైపు చూశాడు, పైకప్పు చూశాడు, నా వైపు కూడా చూశాడు.

"ఒకసారి గూడా లేదప్పా."

"అట్లైతే ఇది చెల్లుతాది" అన్నాడు మోహన్‌కుమార్. అంతటితో ఆగక, ఆ ఫోటోను మళ్ళీ దీపం కింద పెట్టి, మా అమ్మ కూడా అచ్చం ఇట్లే తిట్టేది అన్నాడు. తర్వాత ముక్కు చీదుకోవడానికి లోపలికి పోయాడు.

నోరు తెరిచిన ఫోటో స్టూడియో ముందరి అద్దాల పెట్టెలో పెడితే ఇల్లు విడిచి పోతానని భాగీరథమ్మ అక్కడే తేల్చి చెప్పింది. అందుకని మూడు కొంగల గ్రూపు ఫోటో అద్దాల పెట్టెలోకి, ఆమెది లోపల, కౌంటరు వెనక గోడ మీదికి వచ్చాయి. ఆ వేసవిలో పెళ్ళికూతురొకతె అద్దాల పెట్టె ముందు ఆగి, మమ్మల్నీ అట్లనే నిలబెట్టండి అని అడిగిందట.

మారతహళ్ళినుంచి వచ్చిన రాత్రి మా ఇంట్లో నాగలక్ష్మి ఫోటో ముందు దీపం పెడుతూ కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాను. అదే బ్యాంకు మేనేజరు చూపు. ఆ ఫోటో తీసిన మరుక్షణం ఆమె, కాలి మీద చీమ పాకుతోంది ఇంతసేపూ అని నా చెవిలో చెప్పి కిసుక్కున నవ్వింది. అది కెమెరాకు దొరకలేదు. నాకు మాత్రం ఉంది. తక్కువేమీ కాదనిపించింది.

ఉగాది ముందురోజు సాయంత్రం వెంకటరమణప్ప, నేను కలిసి పూర్ణచంద్రుడి తెరను మళ్ళీ గోడకు తగిలించాం. చుట్టి ఉంచినందువల్ల చంద్రుడి మీద ఒక మడత పడింది. పండగ ఫోటోలకు జనం వస్తూనే ఉన్నారు. రెడీ, తల ఎత్తండి అని పిలుస్తూనే ఉన్నాడు ఆయన. చివరి కుటుంబం వెళ్ళిపోయాక, ఫోటోలకు కూర్చోబెట్టే స్టూలు మీద తానే కూర్చుని, గోడకు తల ఆనించి అలాగే నిద్రపోయాడు.

భాగీరథమ్మ నాకు వేపపువ్వు పొట్లం ఒకటి, ఓళిగల డబ్బా ఒకటి ఇచ్చింది. "అన్నా, కాడుగోడి బస్సు పోతాది, బిరాన పో" అంది. నేను వీధిలోకి దిగి చెప్పులు వేసుకుంటుంటే, ఆమె పెద్ద దీపాలు ఆర్పి, చిన్నది ఉంచింది. భర్త వైపు ఒకసారి చూసి, వాకిలి ఒక రెక్క మూసి, చప్పుడు కాకుండా రెండోది దగ్గరికి లాగింది.